అబ్బా సంతకం, ఖాజీ కుర్చీ



మా అబ్బా తెలుగు మాస్టారు. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సంధులూ సమాసాలూ చెప్పిన మనిషి. సంతకం కూడా తెలుగులోనే. చివరి అక్షరం మీద దీర్ఘం కాస్త ఎక్కువ లాగి, కింద ఒక గీత గీసేవారు. గుంటూరులో మా మొహల్లాలో సగం మంది పిల్లల అర్జీల మీద ఆ సంతకం ఉండేది. పోయిన సంవత్సరం ఆ సంతకం పోయింది.

పోయిందంటే, బ్యాంకులో డబ్బు తీసే ఫారం ముందు పెట్టి కలం చేతికిస్తే మొదటి అక్షరం రాసి ఆగిపోయారు. కలం వైపు చూశారు, నా వైపు చూశారు. "బాబూ, ఇక్కడ ఎవరి పేరు రాయాలి?" అని అడిగారు. అప్పటికి రెండేళ్లుగా అల్జీమర్స్ మందులు వాడుతున్నాం గానీ, ఆ రోజు కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు గానీ నాకు సంగతి పూర్తిగా అర్థం కాలేదు.

బ్యాంకాయన మర్యాదగానే మాట్లాడాడు. "సంతకం కలవకపోతే ఇవ్వలేనండీ." నేను కొడుకునండీ అన్నాను. "కొడుకైనంత మాత్రాన మీకు ఆయన ఖాతా మీద అధికారం రాదు కదండీ. గార్డియన్‌గా కోర్టు కాగితం తెండి." ఏ కోర్టు అంటే ఆయనకు తెలియదు. మాకు తెలిసిన వకీలు సాబ్‌ను అడిగితే, చూసి చెబుతానన్నారు, నెల దాకా చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మషోరా. మా మామూ తేల్చేశారు. "ఇందులో పరేషానీ ఏముందిరా? నిద్రలో ఉన్నప్పుడు బొటనవేలికి సిరా రాసి ఫారం మీద వేయించండి. పనిలో పనిగా ఇల్లు కూడా హిబానామా రాయించేసుకోండి. ఎటూ మీకు రావలసిందే కదా." మా అన్న తల ఊపాడు. నేనూ కాదనలేదు, నిజం చెప్పాలి. వంటింట్లోంచి అమ్మీ అంది, "ఆ వేలు ఆయనది, భయ్యా." అంతకు మించి ఏమీ అనలేదు. మామూ ఇంకేం మాట్లాడకుండా చాయ్ తాగి వెళ్లిపోయారు.

ఆ మాట పట్టుకుని నేను మూడు నెలలు పుస్తకాలూ చట్టాలూ తిరగేశాను. అఖల్ జారిపోతున్న మనిషి తరఫున ఎవరు నిలబడాలి, ఆ హక్కు ఎవరిచ్చారు అన్నది నా సవాల్. జవాబు వెతుకుతూ పోతే అది ఒక కుర్చీ చరిత్రలా తేలింది. అదే రాస్తున్నాను. మీ ఇళ్లలోనూ ఒక అబ్బానో ఒక నానీయో ఈ దారిలో ఉండి ఉంటారు.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. సూరా నిసా 5వ ఆయత్ తెలివి చాలని వాళ్ల చేతికి మాల్ అప్పగించవద్దంటుంది. మనకు సాధారణంగా ఈ ముక్కే గుర్తుంటుంది, ఎందుకంటే మనకు పనికొచ్చేది అదే. అదే ఆయత్ ఇంకా సాగుతుంది. ఆ మాల్ నుంచే వాళ్లకు తిండి పెట్టమంటుంది, బట్ట ఇవ్వమంటుంది, వాళ్లతో మంచిగా మాట్లాడమంటుంది. మాట్లాడటం కూడా హుకుంలో భాగమే. సూరా బఖరా 282వ ఆయత్ అప్పు పత్రాల గురించి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అది. అప్పు తీసుకున్నవాడు తెలివి తక్కువవాడో, బలహీనుడో, తానే చెప్పి రాయించలేనివాడో అయితే అతని వలీ ఇన్సాఫ్‌తో చెప్పి రాయించాలని అందులో ఉంది.

ఫుఖహా దీని మీద హజ్ర్ అనే పూర్తి బాబ్ కట్టారు. హజ్ర్ అంటే ఒక మనిషి చేసే లావాదేవీలకు అడ్డుకట్ట. అఖల్ పూర్తిగా పోయినవాడు మజ్నూన్. అర్థమై అర్థం కాని స్థితిలో, మాట తడబడుతూ ఉండేవాడు మఅతూహ్. మా అబ్బా లాంటి వాళ్లకు ఈ రెండో మాటే దగ్గర. తెలివి ఉండీ డబ్బు తగలేసేవాడు సఫీహ్. ఈ మూడో మనిషి దగ్గర ఇమామ్ అబూ హనీఫాకూ ఆయన షాగిర్దులకూ తేడా వచ్చింది. అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ ఖాజీ అతని చేతులు కట్టవచ్చన్నారు. అబూ హనీఫా ఒప్పుకోలేదు. వయసొచ్చిన, అఖల్ ఉన్న మనిషి అధికారం లాగేసుకోవడమంటే అతని ఆదమియ్యత్‌ను పోగొట్టి పశువుల్లో కలపడమేనని, మాల్ పోవడం కంటే అది పెద్ద నష్టమని ఆయన వైపు దలీల్‌గా హిదాయాలో ఉంది. పన్నెండో శతాబ్దపు కితాబు అది. ఈ కాలంలో చట్టాల వాళ్లు మనిషి గౌరవం, స్వయం నిర్ణయం అని రాస్తున్నప్పుడల్లా నాకు ఆ పేజీ గుర్తొస్తోంది.

మజ్నూన్, మఅతూహ్ విషయంలో మాత్రం తగాదా లేదు. వాళ్ల మాల్‌కు వలీ కావాలి. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఆ వరస ఇలా ఉంటుంది: తండ్రి, తండ్రి నియమించిన వసీ, తండ్రి తండ్రి, ఆయన వసీ, వీళ్లెవరూ లేకపోతే ఖాజీ. ఈ వరస నేను మూడుసార్లు చదివాను. అందులో కొడుకు లేడు. నికాహ్ విషయంలో కొడుకు విలాయత్ వేరే సంగతి, మాల్ విషయంలో లేదు. మా దాదా ఎప్పుడో మర్హూం అయ్యారు. కాబట్టి మా అబ్బా పెన్షన్ మీద, ఇంటి మీద హక్కుతో మాట్లాడగలిగినవాడు ఖాజీ ఒక్కడే. ఖాజీ తలచుకుంటే నన్నే అమీన్‌గా పెట్టవచ్చు, అప్పుడు నేను హిసాబ్ చెప్పాలి. బ్యాంకాయన నాతో అన్న మాట, కోపం వచ్చేలా అన్నా, హనఫీ మస్‌అలా ప్రకారం సరిగ్గా ఉంది.

మరి ఆ ఖాజీ ఎక్కడ?

కుంఫిణీ వాళ్లు వచ్చిన కొత్తలో మన వారసత్వాలూ నికాహ్‌లూ మన షరీఅత్ ప్రకారమే నడిపిస్తామన్నారు. వారెన్ హేస్టింగ్స్ పూనుకుంటే చార్లెస్ హామిల్టన్ 1791లో హిదాయాను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. అదాలత్‌లలో దొర పక్కన మౌల్వీ కూర్చుని ఫత్వా చెప్పేవాడు. కానీ మతి తప్పిన మనిషి ఆస్తి అనేసరికి సర్కారుకు వేరే ఖయాల్ ఉంది. మద్రాసు వైపు 1804లో ఐదో రెగ్యులేషన్ కింద కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పెట్టారు. జమీందారు మైనరైనా, మతిస్థిమితం లేనివాడైనా ఎస్టేటును సర్కారే చూసుకుంటుంది. ఆడవాళ్లను కూడా అదే జాబితాలో చేర్చారు, ఆ రోజుల లెక్క అది. మనుషుల మీద దయ కంటే పేష్కష్ సమయానికి ముట్టాలన్న ఆలోచనే అందులో ఎక్కువ కనిపిస్తుంది. మా ముత్తాతలకు జమీన్ లేదు కాబట్టి వాళ్ల దిమాగ్ ఎలా ఉందో ఏ దొరా అడిగి ఉండడు.

1858లో, గదర్ పొగ ఇంకా చల్లారకముందే, మూడు చట్టాలు వరసగా వచ్చాయి: 34, 35, 36 నంబర్లవి. మొదటిది ప్రెసిడెన్సీ పట్నాల పెద్ద కోర్టులకు, రెండోది మఫస్సల్ జిల్లాలకు, మూడోది పిచ్చాసుపత్రులకు. గుంటూరు లాంటి చోట ఒక మనిషి తన వ్యవహారాలు చూసుకోలేకపోతే చుట్టాలు జిల్లా సివిల్ కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు విచారించి ఆస్తికి మేనేజరును, మనిషికి గార్డియన్‌ను పెడుతుంది. ఆరేళ్ల తర్వాత, 1864లో, 11వ చట్టంతో సర్కారు ఖాజీల ఓహ్దాలనే తీసేసింది. కోర్టుల్లో మౌల్వీలూ పండితులూ లేచిపోయారు. 1880లో ఖాజీల చట్టం తెచ్చి మళ్లీ ఖాజీని పెట్టారు గానీ ఫైసలా చేసే అధికారం ఇవ్వలేదు. నికాహ్ చదివించడానికీ రిజిస్టరు రాయడానికీ మిగిలాడు. అంటే మా అబ్బా కోసం ఖాజీ కూర్చోవలసిన కుర్చీలో జిల్లా జడ్జి కూర్చున్నాడు. హైదరాబాద్ నిజాం ఇలాఖా దారి వేరు, దారుష్షిఫా కథా వేరు. అది ఇంకోసారి, ఇన్షాఅల్లాహ్.

1912లో ఈ చట్టాలన్నిటినీ కలిపి ఇండియన్ లూనసీ యాక్ట్ చేశారు. మనిషికి చట్టం పెట్టిన పేర్లు లూనటిక్, ఇడియట్. ఆస్తి ఉన్నవాడికి విచారణ, మేనేజరు, ఏటా లెక్కలు. ఆస్తి లేనివాడికి మేజిస్ట్రేట్ హుకుం, ఆసుపత్రి గోడలు. ఆసుపత్రి దగ్గర్లో లేకపోతే జైలు. ఏ నేరమూ చేయని మనుషుల్ని మతి సరిగా లేదని జైళ్లలో పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు షీలా బర్సే కేసులో చెప్పేసరికి 1993 వచ్చింది.

అదే 1993 ఏప్రిల్ 1న 1987 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్ అమలులోకి వచ్చింది. లూనటిక్ అనే మాట పోయింది. జిల్లా కోర్టు విచారించి గార్డియన్‌ను, ఆస్తికి మేనేజరును నియమించే అధ్యాయం మాత్రం దాదాపు అలాగే ఉంది. గుంటూరు కోర్టుకే వెళ్లి పని చేయించుకోగలిగే దారి.

ఇక్కడ ఎర్వాడి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. రాయడం కష్టంగా ఉంది, ఎందుకంటే అది మన దర్గా నీడలో జరిగింది. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఎర్వాడి దర్గాకు మతి చెదిరిన వాళ్లను తీసుకొచ్చే ఆచారం పాతది. అన్ని మజ్హబ్‌ల వాళ్లూ వస్తారు. దువా కోసం వచ్చిన వాళ్లను నెలలూ ఏళ్లూ ఉంచుకోవడానికి చుట్టూ ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. ఇంటివాళ్లు డబ్బు కట్టి వెళ్లిపోయేవాళ్లు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అలాంటి ఒక ఆశ్రమంలో, తాటాకు పాకకు నిప్పంటుకుంది. లోపలి మనుషుల కాళ్లకు గొలుసులు. పరుగెత్తలేక 28 మంది చనిపోయారు.

వాళ్లను అక్కడ దింపిన ఇంటివాళ్లు అందరూ జాలిం అని నేను అనలేను. పెళ్లి కావలసిన చెల్లెలు ఉంటుంది, కూలికి పోతే గానీ పొయ్యి వెలగదు, రాత్రంతా అరిచే తమ్ముణ్ణి ఎవరు చూస్తారు? జిల్లా ఆసుపత్రిలో ఆ వార్డే ఉండేది కాదు. మజ్బూరీ ఒక వైపు, అఖీదా ఒక వైపు. కానీ గొలుసు వేసింది అఖీదా కాదు. దర్గాలో దువా చేసుకోవడానికి గొలుసు అక్కర్లేదు. సుప్రీంకోర్టు ఎవరూ అడగకముందే ఈ సంగతి చేతిలోకి తీసుకుంది. జిల్లాల వారీగా ఇలాంటి చోట్లన్నీ సర్వే చేయమంది. మనుషుల్ని గొలుసుతో కట్టడం చట్ట విరుద్ధమని, రోగిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలని ఊరూరా చాటమంది. ఆ సర్వేలతో చాలా ఆశ్రమాలు మూతపడ్డాయి. మూతపడిన చోటి మనుషులకు ఇల్లు ఎక్కడ అన్న సవాల్ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతి మలుపు 2006లో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక. 2007లో హిందూస్తాన్ దాన్ని ఒప్పుకుంది. దాని 12వ ఆర్టికల్ చెప్పేది, దిమాగ్ బలహీనపడినా మనిషి చట్టం ముందు మనిషే, అతని బదులు నిర్ణయించడం కన్నా నిర్ణయించుకోవడానికి సాయం చేయండి అని. దాని మీద కట్టినదే 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. గొలుసు ఏ రకంగానూ వేయకూడదని ఇందులో సూటిగా రాశారు. వైద్యం గురించి నిర్ణయించుకునే తెలివి ఉన్నంత వరకూ ఆ నిర్ణయం రోగిదే. బహోష్‌లో ఉన్నప్పుడే, రేపు నా మతి చెదిరితే నాకు ఏ వైద్యం చేయాలో ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకోవచ్చు. నా తరఫున ఎవరు మాట్లాడాలో పేరు కూడా రాయవచ్చు. చట్టం ఇచ్చిన మానసిక రుగ్మత నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం కూడా ఉంది కాబట్టి మా అబ్బా లాంటి వాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇంత మంచి చట్టం ఈ విషయంలో మనకు అంతకుముందు లేదు.

కానీ ఈ చట్టం పాత 1987 చట్టాన్ని రద్దు చేసింది. రద్దు చేస్తూ, జిల్లా కోర్టు ఆస్తికి మేనేజరును పెట్టే ఆ అధ్యాయాన్ని కూడా తీసేసింది, దాని బదులు ఇంకోటి పెట్టలేదు. ఆసుపత్రిలో మా అబ్బా తరఫున నేను మాట్లాడగలను. బ్యాంకులో మాట్లాడలేను. 1858 నుంచి జిల్లా జడ్జి కూర్చున్న కుర్చీని 2018లో లేపి పక్కన పెట్టేశారన్నమాట. మా వకీలు సాబ్ నెల రోజులు జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. పాపం, ఆయన్ను తప్పు పట్టాను.

దగ్గరలో వేరే దారులు లేవా అంటే ఉన్నాయి, అన్నిటికీ ఏదో ఒక అడ్డు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు కమిటీ గార్డియన్‌ను ఇస్తుంది, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకే. ముసలితనంలో మరపు వచ్చిన వాళ్లకు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత గార్డియన్ అని ఉంది. ఫలానా నిర్ణయానికి, ఫలానా గడువు వరకు, ఆ మనిషిని కలుపుకుని. ఆలోచన చాలా బాగుంది. ఆస్తి మొత్తం చూసుకోవడానికి మాత్రం జనం చివరికి హైకోర్టు మెట్లే ఎక్కుతున్నారు.

2019 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు, కోమాలో ఉన్న మనిషి కోసం భార్యాపిల్లలు వేసిన కేసులో, చట్టంలో ఖాళీ ఉన్నచోట రాజ్యాంగం 226వ ఆర్టికల్ కింద మేమే దిక్కు అని చెప్పి పద్ధతి రాసింది. డాక్టర్ల బోర్డు పరీక్షించాలి. తహసీల్దారుకు తక్కువ కాని అధికారి ఇంటికి వచ్చి విచారించాలి. వారసులెవరో, ఆస్తులేమిటో అంతా బయట పెట్టాలి. గార్డియన్ ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలి. అలహాబాద్, ఢిల్లీ హైకోర్టులు కూడా ఈ దారి పట్టాయి. 2024లో మద్రాసులో ఒక భార్యను మొదట సివిల్ కోర్టుకు పొమ్మన్నారు, డివిజన్ బెంచ్ దాన్ని మార్చి ఆమెనే గార్డియన్‌గా పెట్టింది. ఆ పద్ధతి చదువుతుంటే నాకు ఖాజీ, అమీన్, హిసాబ్ అన్న మాటలే వినిపించాయి. తేడా ఏమిటంటే, ఖాజీ మొహల్లాలో ఉండేవాడు. హైకోర్టుకు వకీలు ఫీజు కావాలి.

ఇక మామూ చెప్పిన సలహా సంగతి. హిబా చేసేవాడు ఆఖిల్, బాలిగ్ అయి ఉండాలన్నది మొదటి షరతు. నిద్రలో వేయించిన వేలిముద్రకు షరీఅత్‌లోనూ విలువ లేదు, 1872 కాంట్రాక్ట్ చట్టంలోనూ లేదు. మర్జుల్ మౌత్‌లో, అంటే ప్రాణం తీసే జబ్బులో చేసిన హిబా మూడో వంతు దాటకూడదని, వారసుల్లో ఒకరికి ఇస్తే మిగతా వారసుల రజా కావాలని ఫుఖహా కట్టడి చేసింది కూడా ఇలాంటి మామూలను చూసే అయి ఉంటుంది. ఇంకొక సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. అబ్బా బాగున్నప్పుడు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అనుకుంటారు. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ కాగితం అక్కడితో ఖతం. గొడుగు వాన మొదలవగానే మూసుకుపోయినట్టు. ఇంగ్లండులో 1985 చట్టంతోనే మతి పోయాక కూడా నిలిచే పవర్ తెచ్చారు, ఇక్కడ లేదు.

అదే కాంట్రాక్ట్ చట్టం 12వ సెక్షన్ మాత్రం మాకు ఒక చిన్న కిటికీ తెరిచింది. మతి వచ్చీ పోయీ ఉండే మనిషి, మతి వచ్చిన వేళల్లో చేసిన పని చెల్లుతుందని అందులో ఉంది. ఫిఖ్‌హ్‌లో దీన్ని ఇఫాఖా అంటారు. అబ్బాకు మగ్రిబ్ తర్వాత ఇల్లే గుర్తుండదు, ఇంటికి పోదాం పద అంటారు. ఫజర్ తర్వాత రెండు గంటలు మాత్రం చాలా రోజులు తేటగా ఉంటారు. బ్యాంకు పెద్ద మేనేజరును కలిసి, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు కాగితం చూపించి, పొద్దున్నే ఇంటికి ఒక ఆఫీసరును పంపమని అడిగాం. నాలుగుసార్లు అడిగాక పంపారు. ఆ అమ్మాయి అబ్బా పక్కన కూర్చుని, "మాస్టారూ, మీ పెన్షన్ డబ్బు తీసి ఇంటి ఖర్చుకు ఇమ్మంటారా?" అని అడిగింది. "ఇంటికి కాక ఎవరికమ్మా?" అన్నారు అబ్బా. ఆమె ముందు, ఇంకో సాక్షి ముందు, మెలకువగా ఉండి వేలిముద్ర వేశారు. ఆమె వెళ్లేటప్పుడు ఏ క్లాసు చదువుతున్నావని కూడా అడిగారు.

ఈ తేట రోజులు తగ్గిపోతున్నాయి. అందుకే హైకోర్టు దరఖాస్తుకు కాగితాలు జమ చేస్తున్నాం. ఫీజు భరించలేని వాళ్లు 15100కు ఫోన్ చేస్తే లీగల్ సర్వీసెస్ వాళ్లు దారి చెబుతారు. ఆడవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. పెద్దవాళ్ల సమస్యలకు 14567, మనసు బాగాలేకపోతే టెలిమానస్ 14416, రెండింటిలోనూ తెలుగులో మాట్లాడతారు. చూసుకుంటానన్న షరతు మీద రాయించుకుని తర్వాత తల్లిదండ్రుల్ని గాలికి వదిలేస్తే, 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. ఇది ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ పని. ఇల్లు మేం ముట్టుకోలేదు, అబ్బా పేరు మీదే ఉంది.

పోయిన వారం అమ్మీకి ఇదంతా చదివి వినిపించాను. విని, తన కాగితం ఇప్పుడే రాయమంది. తనకు మతి చెదిరితే ఏ ఆశ్రమంలోనూ ఉంచకూడదని, కరెంటు పెట్టే వైద్యం వద్దని, మందులు సరేనని చెప్పింది. నీ తరఫున మాట్లాడటానికి ఎవరి పేరు రాయాలమ్మీ అని అడిగాను, కలం పట్టుకుని, కాస్త ధీమాగానే.

"నీ చెల్లెలి పేరు రాయి. మీ అన్నదమ్ములిద్దరూ మీ మామూ మాట వింటారు."

రాశాను. సాక్షులుగా పక్కింటి ఇద్దరు వచ్చారు. అమ్మీ ఉర్దూలో సంతకం పెట్టి, సిరా ఆరేదాకా కాగితం చేతిలోనే పట్టుకుని కూర్చుంది.